వచ్చిపోయింది కదా

బస్ డిపో గేటు దగ్గర కాపలా మనిషి ఆమెను దూరం నుంచే పోల్చుకుని లోపలికి ఒక కేక వేశాడు.

"సూదక్క వచ్చిందిరోయ్! చేతులు దాచుకునేవాళ్ళు దాచుకోండి!"

ఆమె నవ్వలేదు, విసుక్కోనూ లేదు. భుజాన ఉన్న ఐసుపెట్టె పట్టీని కుడివైపు నుంచి ఎడమవైపుకి మార్చుకుని లోపలికి నడిచింది. మూడేళ్ళుగా ఆ డిపోకి వస్తోంది. అసలు పేరేమిటని అడిగినవాళ్ళు లేరు. వచ్చి రక్తం తీసుకుపోతుంది కాబట్టి సూదక్క, అంతే.

ఆమె పెద్దాసుపత్రి పరిశోధన విభాగంలో నర్సు. వయసు నలభై తొమ్మిది. మోకాళ్ళు మాత్రం అరవై దాటినట్టు ఉంటాయి. డ్రైవర్లకీ కండక్టర్లకీ రోజూ వందలమందితో పని కాబట్టి పరిశీలనకి ఆ డిపోని ఎంచుకున్నారు. ఎవరికి కరోనా ఎప్పుడు వచ్చిపోయింది, ఎవరు ఎన్ని డోసులు వేయించుకున్నారు, కొత్త రకం వైరస్ దిగినప్పుడల్లా ఎవరి రక్తం దాన్ని ఏ మేరకు ఎదుర్కోగలుగుతోంది అన్నది తేల్చాలి. అందుకు ఆరునెలలకొకసారి రెండు గొట్టాల రక్తం, ఒక ఫారం నింపడం. మొదటి విడతలో నూట నలభైమంది సంతకాలు పెట్టారు. భయం తాజాగా ఉన్న రోజులవి, వరస గ్యారేజీ దాకా సాగింది. ఇది ఆరో విడత. జాబితాలో అరవై ఒక్కరు మిగిలారు. వాళ్ళలోనూ సగంమంది ఆమెను చూడగానే అర్జంటు పని గుర్తొచ్చినట్టు మొహం పెట్టి బస్సుల మధ్యలోకి జారుకుంటారు.

వాళ్ళని తప్పు పట్టాలని ఆమెకు అనిపించడం మానేసింది. జనం మాస్కులు పారేశారు, ఆ రోజులు మర్చిపోయారు, పోయినవాళ్ళ ఫోన్ నంబర్లు కూడా తీసేశారు. ఇంకా ఆ జబ్బు పేరెత్తేది తనొక్కతే. ఎక్కడికి వెళ్ళినా పాత చుట్టరికం గుర్తుచేసే మనిషిలా కనిపిస్తున్నానేమో అనుకునేది.

సిబ్బంది విశ్రాంతి గదిలో ఎనిమిది ఇనప మంచాలు, ఒక బల్ల ఉన్నాయి. బల్ల కాలు ఒకటి పొట్టి. దాని కింద వాడేసిన టికెట్ రోలు దోపారు. కిటికీలోంచి బస్సులు కడిగే చోటు కనిపిస్తుంది. ఆమె గొట్టాలు పేర్చుకునేసరికి, ఎప్పటిలాగే అందరికన్నా ముందు టైంకీపర్ వచ్చి కూర్చున్నాడు. సన్నటి మనిషి. ఆరేళ్ళ క్రితం మూత్రపిండం మార్చారు. అది ఒంట్లో నిలవాలని రోజూ మందులు మింగుతాడు. ఇప్పటికీ ఒకదానిమీద ఒకటి రెండు మాస్కులు పెట్టుకుంటాడని డ్రైవర్లు ఆయనకి డబుల్ డెక్కర్ అని పేరుపెట్టారు.

"నాలుగో డోసు కూడా అయిందమ్మా, రాసుకో" అన్నాడాయన చెయ్యి చాపుతూ. "వీళ్ళు నవ్వితే నవ్వనీ. నాకు మనవరాలి పెళ్ళి చూడాలని ఉంది. దానికిప్పుడు ఏడేళ్ళు."

తర్వాత గ్యారేజీ నుంచి పెద్దమేస్త్రి వచ్చాడు. యాభై ఆరేళ్ళ మనిషి. చేతులకి గ్రీజు, గొంతులో ఇంజను మోత. ఆయన వెనకే ఆయన భార్య కూడా వచ్చింది. అదే డిపోలో కండక్టరు ఆమె. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, భుజాన సంచీ ఇంకా దించలేదు.

నర్సు ఫారంలో నాలుగో ప్రశ్న దగ్గర కలం పెట్టింది. "ఈసారైనా డోసు వేయించుకున్నారా మేస్త్రి గారూ?"

"నాకెందుకు చెల్లెమ్మా? నాకు వచ్చిపోయింది కదా."

ఆ మాట దగ్గర ఆమె కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత "లేదు" అని రాసుకుంది.

మేస్త్రి ఊరుకోలేదు. "మీరు సూదిలో ఎక్కించేది నకలు. నా ఒంట్లో ఉన్నది అసలు. కంపెనీ పార్టు ఉండగా లోకల్ పార్టు ఎవడన్నా బిగించుకుంటాడా?"

"ఆ కంపెనీ పార్టు బిగించుకోవడానికి పదహారు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడక్కా" అంది కండక్టరు. "ఈయనతోపాటు ఆసుపత్రికెళ్ళిన టైర్ల మనిషి తిరిగే రాలేదు. ఇంటికొచ్చాక ఈయన మెట్టు మెట్టుకీ కూర్చుంటూ ఎక్కేవాడు. ఇప్పుడేమో మాటలు చూడు."

"నువ్వేమన్నా తక్కువా? మూడేళ్ళ కింద రెండు సూదులు పొడిపించుకుని, రాణిలాగా తిరుగుతున్నావు."

"నాకు రానే లేదుగా! నా సూదులు పనిచేసినట్టే కదా!" ఆమె నర్సు వైపు తిరిగింది. "రోజూ ఇంట్లో ఇదే గొడవక్కా. ఈయన రక్తం గట్టిదా, నాదా? ఈసారి పందెం వేసుకున్నాం. ఓడినవాళ్ళు నెలరోజులు గిన్నెలు తోమాలి. మా ఇద్దరి లెక్కా తెచ్చి చెప్పాలి నువ్వు."

"ఒక్కొక్కళ్ళ లెక్క చెప్పకూడదు. కాగితం మీద రాసుంది, మీరు సంతకం కూడా పెట్టారు" అంది నర్సు, మేస్త్రి మోచేతి దగ్గర నరం వెతుకుతూ.

"చదివి పెట్టామా ఏంటి!" అని మేస్త్రి నవ్వాడు. సూది దిగుతుంటే మాత్రం గోడవైపు చూశాడు.

ఆ విడతలో ముప్పై నాలుగుమంది రక్తం దొరికింది.

మూడు వారాల తర్వాత ల్యాబులో డాక్టరమ్మ ఆమెను లోపలికి పిలిచింది. పరిశీలన నడిపే మనిషి ఆమే. ఆవిడ బల్లమీద సగం తాగి వదిలేసిన టీ కప్పులు మూడు ఉన్నాయి. కంప్యూటరు తెరమీద చిన్నచిన్న గుంటల వరసలు ఉన్నాయి. ఒక్కొక్క వరసలో ఒకరి రక్తంలోని తేట ద్రవాన్ని కొద్దికొద్దిగా పలచన చేస్తూ పోసి, దానిమీదికి వైరస్‌ని వదులుతారు. ఎంత పలచన చేసినా ఆపగలిగితే ఆ రక్తం అంత గట్టిదన్నట్టు.

"ముప్పై ఏడు నంబరు చూడు" అంది డాక్టరమ్మ. "మొదటి రకం వైరస్‌కి ఈ మనిషి రక్తం ఇప్పటికీ అడ్డుగోడే. అదే ఇప్పుడొస్తున్న కొత్త రకం పెడితే రెండో గుంట దగ్గరే చేతులెత్తేసింది."

గొట్టాలకి నంబర్లు అతికించింది నర్సే కాబట్టి ఆ ముప్పై ఏడు ఎవరో ఆమెకు తెలుసు.

"ముప్పై ఎనిమిది?"

"రెండు డోసులు, జబ్బు రాలేదు. మూడేళ్ళయింది కదా, పాతదానికే బాగా తగ్గిపోయింది. కొత్తదానికి దాదాపు లేనట్టే."

"అంటే ఇద్దరూ ఓడిపోయారు."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. నర్సు వివరించలేదు. "మరి ఎవరు నెగ్గారు?" అని అడిగింది.

"రెండూ ఉన్నవాళ్ళు. ఒకసారి జబ్బు వచ్చి, పైన డోసులు కూడా పడినవాళ్ళు. ఒంటికి ఒక మొహాన్ని ఒక్కసారే చూపిస్తే ఆ మొహాన్నే గుర్తుపెట్టుకుంటుంది. ఎడమిచ్చి ఎడమిచ్చి, ఇంకో రకంగా ఇంకోసారి చూపిస్తే, వచ్చేవాడు వేషం మార్చినా నడకను బట్టి పోల్చుకుంటుంది." డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు రుద్దుకుంది. "అలాగని జబ్బు తెచ్చుకోమని ఎవరికీ చెప్పకు. అందులో ఎంతమంది పోయారో మనకి తెలుసు. వచ్చి బతికినవాళ్ళని డోసు కూడా వేయించుకోమను, రానివాళ్ళని పాత డోసు మీద కొత్తది వేయించుకోమను. చెప్పేది అంతే."

"అయితే ఈ ముప్పై ఏడుకి ఇప్పుడు సోకితే కష్టమేనా?"

"అదీ చెప్పలేను. ఈ గొట్టంలో కనిపించేది సగమే. ఈ యాంటీబాడీలు గుమ్మం దగ్గరుండే కాపలా. అవి తగ్గితే జబ్బు లోపలికి వస్తుంది. లోపలికి వచ్చాక దాన్ని పట్టుకునే కణాలు వేరే ఉంటాయి. అవి అంత తొందరగా మర్చిపోవు, వేషం మారినంత మాత్రాన మోసపోవు. చాలామందిని మంచం దాకా వెళ్ళనిచ్చినా, వెంటిలేటర్ దాకా వెళ్ళనివ్వకుండా ఆపేది అవే. ఎవరిలో ఎంత ఉన్నాయో ఈ పరీక్షలో తెలియదు."

"నేను డిపోలో చెప్పనా?"

"ఒక్కొక్కళ్ళకి చెప్పకు. అందరినీ కూర్చోబెట్టి కలిపి చెప్పు. కొత్త రకం అప్పుడే పక్క ఊళ్ళలో ఉందంటున్నారు." డాక్టరమ్మ తెరవైపు తిరిగింది. "వింటారంటావా?"

"వినరు" అంది నర్సు. "చెప్తాను."

తర్వాతి వారం విశ్రాంతి గదిలో సమావేశం పెడితే తొమ్మిదిమంది వచ్చారు. అందులో నలుగురు అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుందని వచ్చి మంచాలమీద వాలినవాళ్ళు. ముందు వరసలో టైంకీపర్, కండక్టరు కూర్చున్నారు. మేస్త్రి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు, ఎప్పుడైనా వెళ్ళిపోవడానికి వీలుగా.

డాక్టరమ్మ ఇచ్చిన బొమ్మల కాగితాన్ని ఆమె గోడకి అంటించి, ఎర్ర గీత ఏమిటో, నీలం గీత ఏమిటో చెప్పడం మొదలుపెట్టింది. రెండు నిమిషాల్లో ఒక డ్రైవరు గురక పెట్టాడు. ఇంకొకతను ఫోన్ చూసుకుంటున్నాడు. చెప్తున్న మాటలు తనకే అరిగిపోయిన టేపులా వినిపించాయి.

"అదంతా సరేగానీ చెల్లెమ్మా" అన్నాడు మేస్త్రి గుమ్మంలోంచి, "వచ్చిపోయినవాళ్ళకి తొందరేం లేదు కదా?"

ఆమె గీతలు చూపిస్తున్న కర్రని బల్లమీద పెట్టేసి కుర్చీలో కూర్చుంది.

"ఆ మాట నేను మా అన్నయ్యతో అన్నాను" అంది.

ఆమె గోడకున్న కాగితం వైపు కూడా చూడలేదు.

"మొదటిసారి జబ్బు వచ్చినప్పుడు అన్నయ్యకి నాలుగు రోజులు జ్వరం వచ్చి తగ్గిపోయింది. వాసన పోయింది, మళ్ళీ వచ్చింది. తర్వాత టీకాలు వచ్చాయి. అప్పుడు నేను టీకాల గదిలోనే పని. తలుపు బయట ముసలివాళ్ళు గంటలు గంటలు నిలబడేవాళ్ళు. అన్నయ్య ఫోన్ చేసి, 'చిట్టీ, నేను కూడా వేయించుకోవాలా?' అని అడిగాడు. నాకు ఊపిరాడని రోజు అది. 'నీకు వచ్చిపోయింది కదా, తొందరేం లేదులే, పెద్దవాళ్ళని వేయించుకోనీ' అన్నాను. సరేనన్నాడు. రెండు నెలలు గడిచాయి. అప్పుడు వచ్చింది రెండో రకం. అన్నయ్యకి షుగరు ఉంది. పదకొండో రోజున పోయాడు."

"ఏం చేసేవాళ్ళక్కా మీ అన్నయ్య?" అని కండక్టరు మెల్లగా అడిగింది.

మూడేళ్ళలో ఆ ప్రశ్న వేసినవాళ్ళు లేరు. ఎప్పుడు పోయాడు, ఎన్ని రోజులున్నాడు అనే అడిగేవాళ్ళు. "కళ్ళజోళ్ళ దుకాణం" అంది నర్సు. "అద్దాలు తనే అరగదీసేవాడు. డబ్బుల్లేనివాళ్ళు వస్తే, పాత ఫ్రేములో కొత్త అద్దం బిగించి, ఇది అమ్ముడుపోని సరుకు, నాకే అడ్డం అని చెప్పి ఇచ్చేసేవాడు."

గురక పెట్టిన డ్రైవరు ఎప్పుడు లేచాడో, మంచం అంచున కూర్చుని తన కాళ్ళవైపు చూసుకుంటున్నాడు. ఆమె లేచి కాగితం ఊడదీసి చుట్ట చుట్టింది. తల ఎత్తేసరికి గుమ్మంలో మేస్త్రి లేడు. బయట ఒక బస్సు కిందినుంచి సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి.

చెప్పకుండా ఉండాల్సిందని దారిపొడవునా అనుకుంది. సొంత ఇంటి చావును తీసుకెళ్ళి జనం ముందు పరిచినట్టు సిగ్గేసింది.

ఐదో రోజు పొద్దున, వారానికో పూట ఆమె ఇప్పటికీ సూదులు వేసే ఆసుపత్రి టీకాల గది ముందు మొగుడూ పెళ్ళాలిద్దరూ నిలబడి ఉన్నారు. మేస్త్రి చొక్కా చెయ్యి భుజం దాకా మడిచేసి ఉంది. చేతులు సబ్బుతో తోముకుని వచ్చినట్టున్నాడు, గోళ్ళ చుట్టూ మాత్రమే నల్లగా ఉంది.

"మాటలొద్దు చెల్లెమ్మా" అన్నాడు. "పొడువు."

పొడిచింది. తర్వాత కండక్టరుకి. దూది నొక్కిపెట్టుకుని ఆమె కళ్ళెగరేసింది. "ఇంతకీ గెలిచిందెవరక్కా?"

నర్సు అటూ ఇటూ చూసింది. నియమం నియమమే. "గిన్నెలు ఇద్దరూ కలిసి తోముకోండి" అంది.

మేస్త్రి ఒక్క క్షణం ఆలోచించి పెద్దగా నవ్వాడు. ఆ గదిలో చాలా రోజులకి వినిపించిన నవ్వు అది.

ఆరు వారాలకి కొత్త రకం ఊళ్ళోకి దిగింది. ఈసారి ఎవరూ తలుపులు మూసుకోలేదు, ఎవరూ లెక్కలు చెప్పలేదు. డిపోలో ఒకేసారి ముప్పైమంది సెలవు పెట్టారు. పది రూట్లలో బస్సులు ఆగిపోయాయి. "చలి జ్వరం" అని ఒకరు, "గొంతు పట్టింది" అని ఒకరు రాశారు. అసలు పేరు రాసినవాళ్ళు లేరు. నర్సుకీ వచ్చింది. మూడు డోసులు, ఒకసారి పాత జబ్బు ఉన్నా వచ్చింది. రెండు రోజులు గొంతులో గాజుముక్కలు గుచ్చినట్టు ఉండి, మూడో రోజు తగ్గింది. కండక్టరు నాలుగు రోజులు పడుకుంది. మేస్త్రి మూడు రోజుల జ్వరంతో బయటపడ్డాడు. ఆక్సిజన్ అక్కర్లేకుండా, ఇంట్లోనే.

టైంకీపర్‌ని ఆసుపత్రిలో చేర్చారు.

ఆమె రోజూ డ్యూటీ దిగాక ఆయన వార్డు గుమ్మం దాకా వెళ్ళేది. అద్దంలోంచి చెయ్యి ఊపితే ఆయన చేతిగడియారం చూపించి, ఆలస్యమైంది వెళ్ళమన్నట్టు సైగ చేసేవాడు. పన్నెండో రోజు నుంచి చెయ్యి ఊపలేదు. ఇరవై రెండో రోజు పోయాడు. ఆయన వాడే మందులు మూత్రపిండాన్ని కాపాడటానికి ఒంటి కాపలానంతా జోకొట్టి నిద్రపుచ్చేవి. నాలుగు డోసులు వేసినా ఆ నిద్ర పూర్తిగా వదల్లేదు. మూడో డోసు రోజునే డాక్టరమ్మ ఈ సంగతి ఆయనకి చెప్పింది. ఆయనకి తెలిసే రెండు మాస్కులు పెట్టుకున్నాడు.

డిపోలో ఎవరూ అదంతా వినలేదు. నాలుగు డోసులు వేయించుకున్నవాడే పోయాడు, ఒక్కటీ వేయించుకోనివాళ్ళు తిరుగుతూనే ఉన్నారు. మాట అంతవరకే వెళ్ళింది. అంతవరకే చాలింది.

ఏడో విడతకి ఆమె వెళ్ళినప్పుడు గేటు దగ్గర కాపలా మనిషి కేక వెయ్యలేదు. తల తిప్పుకున్నాడు. విశ్రాంతి గదిలో గొట్టాలు పేర్చుకుని కూర్చుంది. ఎనిమిదయింది, తొమ్మిదయింది. ఒక ముసలి డ్రైవరు వచ్చి ఇచ్చి వెళ్ళాడు. పదిన్నరకి ఒక పడుచు డ్రైవరు గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే అన్నాడు:

"ఇంక రాకక్కా. ఏం లాభం? ఆయనకంటే జాగ్రత్తగా ఎవడున్నాడిక్కడ? సూదులవల్ల ఏదన్నా అయ్యేదుంటే ఆయన బతకాలి కదా."

ఆమె దగ్గర జవాబు ఉంది. గోడమీద బొమ్మలు వేసి చెప్పగల జవాబు అది. కానీ నోరు తెరవడానికి ఒంట్లో ఓపిక లేదు. "సరేనయ్యా" అని గొట్టాలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.

"ఏరా, నీ బండికి బ్రేకులున్నాయా?"

మేస్త్రి గొంతు. ఆ డ్రైవరు వెనకాలే నిలబడి ఉన్నాడు, చేతిలో ఇంకా పానా ఉంది.

"ఉన్నాయి" అన్నాడు డ్రైవరు.

"నేనే కదా బిగించింది? బ్రేకులున్న బండి గుద్దుకోదని ఎప్పుడన్నా చెప్పానా నీకు?"

"లేదు."

"గుద్దుకునేటప్పుడు ఎంత స్పీడులో ఉందన్నదే తేడా. డబుల్ డెక్కర్ బండికి బ్రేకు పైపుల్లో ఆయిల్ నిలిచేది కాదురా. ఎన్ని సార్లు పోసినా కారిపోయేది. అది ఆయన తప్పూ కాదు, ఆయిల్ తప్పూ కాదు. ఆయన ఆగిపోకుండా పోస్తూనే ఉన్నాడు, చివరిదాకా. నువ్వు బాగున్న పైపులు పెట్టుకుని ఆయిల్ ఎందుకంటున్నావు." మేస్త్రి లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆయాసపడుతున్నాడు. "ఆయన ఒక్క విడత కూడా మానలేదు. ఆయన పేరు పక్కన ఇప్పుడు గీత కొట్టేస్తారు. మనం కూడా రాకపోతే ఆయన ఆరుసార్లు ఇచ్చిన రక్తం చెత్తలో పోసినట్టే. కూర్చో."

ఆ డ్రైవరు కూర్చోలేదు. వెళ్ళిపోయాడు. కానీ పావుగంటకి కండక్టర్లు ఇద్దరొచ్చారు. తర్వాత బస్సులు కడిగే మనిషి వచ్చాడు, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ. మధ్యాహ్నానికి ఇరవై ఒక్కరయ్యారు. గొప్ప సంఖ్యేం కాదు. డాక్టరమ్మ పెదవి విరవక తప్పదు.

అందరూ వెళ్ళాక మేస్త్రి మోచేతి దగ్గర దూది పట్టుకుని కూర్చునే ఉన్నాడు.

"ఒక మాట నిజం చెప్పు చెల్లెమ్మా. నేను మూడు రోజులతో బయటపడ్డానే, అది నువ్వేసిన డోసు వల్లా? లేక నా పాత సరుకు వల్లా?"

"తెలియదు మేస్త్రి గారూ."

"అదేంటి, ఇన్ని గొట్టాలు పట్టుకుపోతావు!"

"వెయ్యిమందిని పక్కపక్కన పెట్టి చూస్తే చెప్పగలం. రెండూ ఉన్నవాళ్ళు తేలిగ్గా బయటపడుతున్నారని గట్టిగా చెప్పగలం. మీ ఒక్కరి సంగతి ఎవరూ చెప్పలేరు. డోసు లేకపోయినా మూడు రోజుల్లో లేచేవారేమో. లేవలేకపోయేవారేమో."

మేస్త్రి దూది తీసి చూసుకున్నాడు. రక్తం ఆగింది.

"అలాగైతే మీ అన్నయ్య సంగతీ ఎవరూ చెప్పలేరు" అన్నాడు. "వేయించుకుని ఉంటే బతికేవాడని నువ్వెలా చెప్తావు?"

ఆమె ఐసుపెట్టె మూత పెట్టింది. అది సరిగ్గా పడలేదు. తీసి మళ్ళీ పెట్టింది.

"బతికే అవకాశం ఎక్కువ ఉండేది" అంది. "అది మాత్రం చెప్పగలను."

మేస్త్రి పానా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆసుపత్రి బండి రావడానికి ఇంకా అరగంట ఉంది. ఆమె డిపో ఎదురుగా ఉన్న బెంచీమీద పెట్టె పక్కన పెట్టుకుని కూర్చుంది. ఎండ నేలమీద తెల్లగా పరుచుకుని ఉంది. చాలాసేపు ఫోన్ చేతిలో తిప్పుతూ ఉండి, చివరికి వదినకి చేసింది. నెలకోసారి మాట్లాడుకుంటూనే ఉంటారు. పిల్ల చదువు, ఇప్పుడు వదిన నడుపుతున్న దుకాణం అద్దె, మోకాళ్ళ నొప్పులు అన్నీ మాట్లాడతారు. ఆ ఒక్క సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

"వదినా, నీకో విషయం చెప్పాలి" అని మొదలుపెట్టి ఆగకుండా చెప్పేసింది. అన్నయ్య ఫోన్ చెయ్యడం, తను అన్న మాట, ఆ రోజు బయట ఉన్న వరస. "నేను వద్దనకపోతే వేయించుకునేవాడు వదినా. నా మాట విన్నాడు."

అవతల వదిన ముక్కులోంచి ఒక శబ్దం చేసింది. ఏడుపనుకుంది ఆమె. కాదు.

"నీ మాట విన్నాడా? మీ అన్నయ్యా? ఆయనకి సూదంటే చచ్చేంత భయం చిట్టీ. పంటి డాక్టరు కుర్చీలోంచి లేచి పారిపోయొచ్చిన మనిషి. నేను వేయించుకోమని పోరు పెడుతుంటే నీకు ఫోన్ చేశాడు. నువ్వు తొందరేం లేదన్నావని ఆ రోజు ఎంత సంబరపడ్డాడో తెలుసా? 'చూశావా, నర్సే చెప్పింది' అని ఇల్లంతా తిరిగాడు. నువ్వు వేయించుకోమని చెప్పుంటే, ఇంకొకళ్ళని అడిగేవాడు. ఎవరో ఒకరు వద్దనేదాకా అడిగేవాడు."

"నాకు చెప్పలేదేం వదినా ఇన్నాళ్ళూ?"

"ఏమని చెప్పను?" వదిన గొంతు తగ్గింది. "తర్వాత నెలలో నేను తీసుకెళ్తానని ఒక రోజు ఖాయం చేశాను. ఆ రోజు కొత్త అద్దాలు పట్టుకుని సరుకువాడు వస్తానన్నాడు. ఆయన దుకాణం మూయలేనన్నాడు. నేను సరేలే, వచ్చే వారం వెళ్దాం అన్నాను. ఆ వచ్చే వారమే జ్వరం. నేను కూడా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు."

డిపోలోంచి ఒక బస్సు బయటికొచ్చి మలుపు తిరిగింది. డ్రైవరు ఆమెను చూసి తల ఊపాడో లేదో, ఎండలో సరిగ్గా కనిపించలేదు.

"నీకు ఆ కొత్త డోసు పడిందా వదినా?" అని అడిగింది చివరికి.

"లేదు. నీకు కుదిరినప్పుడు వస్తాను. నీ చేత్తోనే పొడువు." తర్వాత కుర్చీ జరిగిన శబ్దం. "ఉండు, ఎవరో వచ్చారు. ఫోన్ పెట్టకు."

ఫోన్ బల్లమీద పెట్టిన చప్పుడు. వదిన ఎవరినో కూర్చోమంది, ఒక కన్ను మూసుకోమంది, కింది వరస చదవమంది. ఒక ముసలి గొంతు అక్షరాలు ఒక్కొక్కటే తడుముకుంటూ చదవసాగింది. ఒకటి తప్పు చదివి, ఆగి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. తొందరేం లేదు, నిదానంగా చదవండి అంటోంది వదిన. బండి వచ్చి హారన్ కొట్టేదాకా ఆమె ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని వింటూ కూర్చుంది.